వాటర్ కియోస్క్ సర్వీసు: నా మార్కులు అయిదుకి మూడు

పేద బస్తీకి నీళ్లివ్వాలి అనగానే చాలా నగరాల్లో ముందు కట్టేది వాటర్ కియోస్కే. ఒక చిన్న గది, బయటికి రెండు మూడు కుళాయిలు, లోపల ఒక మనిషి, డబ్బాకింత అని తీసుకుని నీళ్లు పట్టించడం. కొన్నిచోట్ల మనిషి బదులు కార్డు పెడితే నీళ్లు వదిలే మెషీన్ ఉంటుంది, దాన్ని వాటర్ ఏటీఎం అంటున్నారు. నేను రాస్తున్నది ఏ ఒక్క కంపెనీ గురించో కాదు, ఈ పద్ధతి గురించి. ఇంటి కుళాయి వచ్చేదాకా గడవడానికి పెట్టుకుంటే మూడు మార్కులు. ఇదే ఆఖరు, ఇంతకుమించి వీళ్లకి అక్కర్లేదు అనుకుని కడితే ఒక్కటి కూడా ఇవ్వను.

ముందు మంచి చెప్తాను, ఎందుకంటే ఉంది. కుళాయి లేని ఇంటివాళ్లు లీటరుకి కట్టేది కుళాయి ఉన్నవాళ్ల కంటే ఎక్కువ, చాలాచోట్ల ఎన్నో రెట్లు ఎక్కువ. ట్యాంకర్ ఖర్చు, మోత ఖర్చు, మధ్యలో వాళ్ల లాభం అన్నీ ఆ డబ్బా మీదే పడతాయి. నీళ్లమ్మేవాడు చెప్పిందే రేటు, అతను తెచ్చిందే నీరు, ఎక్కడ పట్టాడని అడిగేవాళ్లుండరు. కియోస్క్ వస్తే రేటు గోడ మీద రాసి ఉంటుంది, నీళ్లు నగరం మొత్తానికి వెళ్లే పైపులోంచే వస్తాయి. ఇంకో లాభం, ఇంటింటికీ పట్టా కాగితం అడగక్కర్లేదు. స్థలం ఎవరిదో తేలని బస్తీలో ఇది చిన్న విషయం కాదు, ఎందుకంటే ఆ ఒక్క కాగితం పేరు చెప్పే ఏళ్ల తరబడి కనెక్షన్ ఇవ్వకుండా తిప్పి పంపుతారు.

ఇక క్యూ సంగతి. ఇరవై లీటర్ల డబ్బా, కుళాయి ధార నిమిషానికి పది లీటర్లు అనుకోండి, డబ్బా నిండటానికి రెండు నిమిషాలు. మూత తీయడం, జరపడం, చిల్లర ఇవ్వడం కలపకుండానే. ఒక కుళాయి ముందు ముప్పై డబ్బాలుంటే ఆఖరి ఆవిడకి గంట. ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ కలిసి వేసే లెక్కలో వెళ్లి, క్యూలో నిలబడి, తిరిగి వచ్చేసరికి అరగంట దాటితే దాన్ని కనీస స్థాయి సేవగా కూడా లెక్కపెట్టరు. అంటే కియోస్క్ కొత్తదే, నీళ్లు మంచివే, కానీ క్యూ వల్ల సర్వీసు ఒక మెట్టు కిందికి పడిపోతుంది. ప్లాన్ వేసేవాళ్లు జనాభాని కియోస్కుల సంఖ్యతో భాగించి సరిపోయింది అంటారు. చూడాల్సింది తెల్లవారాక మొదటి రెండు గంటల్లో ఎన్ని డబ్బాలు వస్తాయి, అప్పుడు పైపులో ప్రెషర్ ఎంత ఉంటుంది అని. మధ్యాహ్నం ఖాళీగా ఉన్న కియోస్క్ ఫొటో తీసి రిపోర్టులో పెడితే ఏం తెలుస్తుంది?

అంతకంటే నన్ను బాధపెట్టేది ఎన్ని నీళ్లు ఇంటికి చేరుతున్నాయన్నది. మోసుకుని తెచ్చుకునే ఇళ్లలో వాడకం మనిషికి రోజుకి ఇరవై లీటర్ల దగ్గర ఆగిపోతుంది, ఇంటి ఆవరణలో ఒక్క కుళాయి ఉంటే యాభై దాకా వెళ్తుంది. అయిదుగురున్న ఇంట్లో మనిషికి యాభై అంటే రోజుకి పన్నెండు డబ్బాల పైమాటే, ఒక్కో డబ్బా ఇరవై కిలోలు. అన్ని ఎవరు మోస్తారు? ఆడవాళ్లు, ఆడపిల్లలు. మోయలేనప్పుడు ముందు కోత పడేది స్నానానికి, బట్టలకి, చేతులు కడుక్కోవడానికి. కియోస్క్ ఎంత బాగా నడిచినా ఇది మారదు, అందుకే రెండు మార్కులు ఇక్కడే పోయాయి.

శుభ్రత విషయంలో కుళాయి దగ్గర ఫర్వాలేదు. టెస్టు చేయడం కూడా సులువే. చిన్న గాజు గొట్టంలో నీళ్లు తీసుకుని ఒక బిళ్ల వేస్తే, క్లోరిన్ మిగిలి ఉంటే గులాబీ రంగు వస్తుంది, ఆ రంగుని పక్కనున్న రంగుల పట్టీతో పోల్చి చూడటమే. లీటరుకి కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. చిక్కు ఎక్కడంటే డబ్బా ఇంటికి వెళ్లాక. మూత లేని పాత్రలో పోసి, చెయ్యి ముంచి గ్లాసుతో తీసుకుంటే కుళాయి దగ్గర ఉన్న శుభ్రత ఇంట్లో ఉండదు. పైగా నీళ్లు రోజుకి కొన్ని గంటలే వదిలే నగరమైతే, ఆపినప్పుడు పైపులో ప్రెషర్ పడిపోయి చుట్టూ ఉన్న మురుగు పగుళ్లలోంచి లోపలికి లాగేస్తుంది, మళ్లీ వదిలినప్పుడు మొదట వచ్చేది అదే. దీనికి కియోస్క్ నడిపే మనిషిని తిట్టి లాభం లేదు.

మెషీన్ రకం గురించి చాలామంది గొప్పగా చెప్తారు. నైరోబీలో మథారే బస్తీలో 2015లో ఇలాంటివి పెట్టారు. నగదు చేతులు మారదు, చిల్లర గొడవ లేదు, రాత్రిపూట కూడా పట్టుకోవచ్చు. బావుంది. కానీ కార్డులో డబ్బులు అయిపోతే నీళ్లు కూడా అయిపోయినట్టే. మనిషి ఉన్న కియోస్కులో రేపిస్తానంటే ఒక డబ్బా పట్టనిస్తాడు, మెషీన్‌కి అప్పు అనే మాట తెలీదు. ఇళ్లకి ప్రీపెయిడ్ మీటర్లు పెట్టిన జోహానెస్‌బర్గ్‌లో ఇదే గొడవ కోర్టుకెక్కింది. ఆ నగరంలోనే సొవెటోలోని ఫిరి అనే పేట వాసులు, ఉచితంగా ఇచ్చే మనిషికి రోజుకి 25 లీటర్లు చాలవు, యాభై కావాలన్నారు. 2008లో హైకోర్టు యాభై అంది, తర్వాత అప్పీలు కోర్టు 42 అంది, చివరికి 2009లో రాజ్యాంగ న్యాయస్థానం 25 లీటర్లు సమంజసమే, మీటర్లూ చట్టబద్ధమే అని తేల్చింది. చట్టం ప్రకారం చెల్లుతుంది సరే, సర్వీసుగా మాత్రం నేను మెచ్చుకోలేను.

నడిపే డబ్బు గురించి బ్రోచర్లలో ఒక్క ముక్క ఉండదు, కియోస్కులు మూతపడేది మాత్రం అక్కడే. కూర్చునే మనిషికి అమ్మకం మీద కమిషన్ మాత్రమే ఇస్తే, వానాకాలంలో జనం చూరు నీళ్లు పట్టుకుంటారు, అమ్మకం సగానికి పడుతుంది, ఆ మనిషి వేరే పని చూసుకుంటాడు. తాళం పడుతుంది. అందుకే కొంత స్థిరమైన జీతం, కొంత కమిషన్ ఉండాలి, చిన్న రిపేర్లకి డబ్బు విడిగా పక్కన పెట్టాలి. ఇంకోటి, చుట్టుపక్కల ఇళ్లకి కనెక్షన్లు వచ్చేకొద్దీ కియోస్క్ అమ్మకం తగ్గుతుంది. తగ్గాలి కూడా! కానీ కాంట్రాక్టు అమ్మకం మీదే రాసి ఉంటే, కియోస్క్ నడిపేవాళ్లే ఇంటి కనెక్షన్లకి అడ్డం పడతారు. మొదటి రోజే దీన్ని ఎప్పుడు, ఎలా మూసేస్తారో కాగితం మీద ఉండాలి, అప్పుడు ఈ మనిషికి బిల్లులు వసూలు చేసే పనో, మీటర్లు చూసే పనో ఇస్తారని కూడా.

కియోస్క్ దాటి వెళ్లిన నగరాలున్నాయి కాబట్టే ఇంత గట్టిగా అంటున్నా. కంబోడియా రాజధాని నామ్ పెన్‌లో 1993లో పంపిన నీళ్లలో 72 శాతం బిల్లుకి రాకుండా పోయేవి, లీకులు, దొంగ కనెక్షన్లు అన్నీ కలిపి. ఎక్ సన్ చాన్ అనే ఆయన అక్కడి నీళ్ల సంస్థ పగ్గాలు పట్టాక ప్రతి కనెక్షన్‌కీ మీటరు పెట్టారు, పైపులు మార్చారు, నష్టం తర్వాతి కాలంలో ఆరు శాతం దగ్గరికి వచ్చింది, నీళ్లు 24 గంటలూ వచ్చాయి. పేద ఇళ్లకి కనెక్షన్ ఫీజులో రాయితీ ఇచ్చారు, మరీ పేదలకి పూర్తిగా మాఫీ, మిగతాది వాయిదాల్లో. ఆయనకి 2006లో రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. బీదవాడు నెలనెలా బిల్లు కట్టగలడు, ఒకేసారి కట్టాల్సిన కనెక్షన్ ఫీజు దగ్గరే ఆగిపోతాడు. ఆ అడ్డు తీసేస్తే కియోస్క్ అవసరమే సగం తగ్గుతుంది.

కెన్యాలోని కిసుముది ఇంకో దారి. నీళ్ల కంపెనీ బస్తీ అంచున ఒక పెద్ద మీటరు పెట్టి నీళ్లు టోకుగా స్థానిక ఆపరేటర్‌కి అమ్ముతుంది, అక్కడి నుంచి ఇళ్ల మీటర్లు, బిల్లులు, లీకులు ఆ ఆపరేటర్ బాధ్యత. లీకైతే నష్టం తనదే కాబట్టి వెంటనే పరిగెడతాడు. ఢాకాలో డీఎస్‌కే అనే స్వచ్ఛంద సంస్థ బస్తీవాళ్ల తరఫున హామీ ఉండి కనెక్షన్ తీసుకుంది, వాళ్లు బిల్లులు సక్రమంగా కట్టి చూపించారు, పట్టా లేకపోయినా కనెక్షన్ ఇవ్వొచ్చని అధికారులు ఒప్పుకోవడానికి అదే దారి వేసింది.

ఇంటి కుళాయి ఇస్తున్నారని సంబరపడేముందు రేటు పట్టిక మాత్రం చదవండి. వాడకం పెరిగేకొద్దీ లీటరు రేటు పెరిగే పద్ధతి చాలాచోట్ల ఉంది, పేదలకి మేలని పెట్టిందే. కానీ ఒకే మీటరు మీద అయిదారు కుటుంబాలు బతికే చోట, అందరి వాడకం కలిపి పై రేటులో పడుతుంది, ఒంటరి బంగళా కంటే వీళ్లే ఎక్కువ కడతారు. ఆ మీటరు వెనక ఎన్ని కుటుంబాలున్నాయో రాసుకుని, అన్ని కుటుంబాలకి అన్ని వాటాలుగా కింది రేటు లెక్కకట్టే ఏర్పాటు ఉందా అని అడగండి.

కియోస్కే తప్పదంటే, కట్టేవాళ్లతో ఈ మాటలు తేల్చుకోండి: పొద్దున రద్దీకి ఎన్ని కుళాయిలు, వానాకాలంలో కూర్చునే మనిషికి జీతం ఎవరిస్తారు, క్లోరిన్ టెస్టు ఫలితం రోజూ బోర్డు మీద రాస్తారా, కుళాయి చెడితే ఏ నంబరుకి ఫోన్ చేయాలి, ఎన్ని గంటల్లో వస్తారు, ఇంటి కనెక్షన్లు ఏ వీధి నుంచి మొదలుపెడతారు. చివరి ప్రశ్నకి జవాబు లేదంటే సంతకం పెట్టొద్దు.