మూడేళ్ల పిల్లల డిస్కో పార్టీ: మేము పిలిచిన బృందం ఎలా నడిపింది?

మా పాప మూడవ పుట్టినరోజును మియాపూర్‌లో మేముండే అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో చేశాము. ఆ సాయంత్రం కోసం పిల్లల డిస్కో నడిపే ఒక చిన్న బృందాన్ని పిలిచాము. యాంకర్లుగా ఇద్దరు అమ్మాయిలు, పాటలు వేసే ఒక అబ్బాయి, రెండు బాక్సులు, నాలుగు రంగుల లైట్లు, ఒక బబుల్ మెషిన్, ఇంతే వారి సరంజామా. రెండు గంటలకు 9,500 రూపాయలు తీసుకున్నారు. వచ్చిన పిల్లలు పద్నాలుగు మంది. వారిలో అందరికంటే చిన్నవాడికి పదహారు నెలలు, పెద్దమ్మాయికి నాలుగున్నరేళ్లు.

ఇంత పసివాళ్లకు డిస్కో ఏమిటని మా అత్తగారు మొదట్లో అడ్డు చెప్పారు. ఆవిడ భయానికి కారణం ఉంది. కిందటేడు బంధువుల ఇంట జరిగిన పుట్టినరోజుకు పెళ్లి బరాత్‌కు పెట్టినట్లు డీజే పెట్టారు. పిల్లలందరూ తల్లుల కొంగుల్లో ముఖాలు దాచుకుంటే పెద్దవాళ్లే చివరిదాకా ఆడారు. మా ఇంటి వేడుకలో అలా కాకపోవడానికి లైట్లూ బాక్సులూ కారణం కావు. ఆ ఇద్దరు యాంకర్లు వచ్చిన దగ్గర నుంచి నేల మీదే ఉన్నారు.

ఇది చిన్న విషయంగా కనిపించవచ్చు కానీ నాకు ఈ బృందంలో అన్నిటికంటే నచ్చినది ఇదే. సాధారణంగా యాంకర్ వేదిక మీద నిలబడి, మైకులో పిల్లల పేర్లు పిలిచి, ముందుకు వచ్చి డ్యాన్స్ చేయమంటారు. రెండేళ్ల బిడ్డకు పైనుంచి వినిపించే ఆ గొంతు ఎవరిదో, ఎక్కడి నుంచి వస్తున్నదో తెలియదు. ఈ అమ్మాయిలు మైకు పక్కన పెట్టి, చాప మీద మఠం వేసుకొని కూర్చొని, ముందుగా తొడల మీద చేతులతో తాళం వేయడం మొదలుపెట్టారు. ఎవరినీ రమ్మని పిలవలేదు. రెండు మూడు నిమిషాల్లో మా పాప వెళ్లి వారి ఎదురుగా కూర్చుంది, దాని వెనకే మిగతా పిల్లలు ఒక్కొక్కరుగా చేరారు. కూర్చున్న తాళం మోకాళ్ల మీద ఊగడంగా, ఆ ఊగడం లేచి గెంతడంగా మారేసరికి అది డిస్కో అని ఎవరూ చెప్పనవసరం లేకపోయింది.

పాట ఆగగానే బొమ్మలా నిలబడిపోయే ఆటను కూడా వారు వయసుకు తగినట్లు మార్చుకున్నారు. మామూలుగా ఆ ఆటలో కదిలినవారు ఔట్. మూడేళ్ల పిల్లలకు ఆ ఔట్ కావడం అర్థం కాదు, తమను ఎందుకు పక్కన నిలబెట్టారో తెలియక ఏడుస్తారు. ఇక్కడ ఎవరూ ఔట్ కాలేదు. పాట ఆగినప్పుడల్లా యాంకర్ ఒక్కొక్కరి దగ్గరకు పాకుతూ వెళ్లి, ‘మా బంగారం బొమ్మ కదులుతుందా, కదలదా?’ అని గుసగుసగా అడిగేది. వాళ్లు కిలకిలా నవ్వేవారు. పాట మళ్లీ మొదలయ్యేది. ప్రతి ఆటనూ నాలుగైదు నిమిషాలకు మించి సాగనివ్వలేదు. పెద్ద పిల్లలు చేతులు పట్టుకొని ఒప్పులకుప్ప తిరిగారు, చిన్నవాళ్లు తల్లుల ఒళ్లో కూర్చొని చెమ్మచెక్క ఆడారు. పాత వాయిల్ చీర ఒకటి తెచ్చి నలుగురు పెద్దలను నాలుగు కొంగులూ పట్టుకోమన్నారు. తాళానికి తగ్గట్టు చీర పైకి లేచి కిందికి దిగుతుంటే దాని కింద పిల్లలు పరుగులు తీశారు. ఆ సాయంత్రం మొత్తంలో అందరూ కలిసి ఆనందించిన ఘట్టం అదే, దానికి పైసా ఖర్చు లేదు.

శబ్దం విషయంలో మాత్రం నేను కల్పించుకోవలసి వచ్చింది. మొదటి పాటకు బాక్సు పక్కన నా ఫోను యాప్‌లో 93 డెసిబెల్స్ చూపించింది. ఫోను కొలత అంత కచ్చితమైనది కాదు, అయినా పక్కవారితో గొంతు పెంచి మాట్లాడవలసి వస్తున్నదంటే ఎక్కువగా ఉన్నట్లే లెక్క. పిల్లలకు 75 డెసిబెల్స్ శబ్దాన్ని వారానికి 40 గంటలకు మించి విననివ్వవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా ఇచ్చింది. శబ్దం 3 డెసిబెల్స్ పెరిగినప్పుడల్లా వినదగిన సమయం సగానికి తగ్గుతుంది కాబట్టి, ఆ లెక్కన 93 దగ్గర వారం మొత్తానికి 40 నిమిషాలు కూడా దక్కవు. ఈ సంగతి చెప్పగానే ఆ అబ్బాయి ఏమాత్రం విసుక్కోకుండా శబ్దం తగ్గించి, బాక్సులను పిల్లల చెవుల ఎత్తు నుంచి తీసి గది అవతలి చివర బల్ల మీద పెట్టాడు. తగ్గించమని అడగకముందే వారికి ఈ జాగ్రత్త ఉండవలసింది.

లైట్ల దగ్గర కూడా ఇలాగే జరిగింది. టపటపా కొట్టుకునే వెలుగు వద్దని ముందే చెప్పినా, ఒక లైటు ఆటో మోడ్‌లో ఉండి మొదటి రెండు నిమిషాలు అలాగే మెరిసింది. 1997 డిసెంబరులో జపాన్‌లో ఒక టీవీ కార్టూన్‌లో వేగంగా మెరిసిన ఎరుపు, నీలం వెలుగులు చూసి వందలాది పిల్లలు ఆసుపత్రుల పాలయ్యారు. అలాంటి వెలుగుకు మూర్ఛ వచ్చే స్వభావం ఏ బిడ్డకు ఉన్నదో ముందుగా తెలిసే వీలు తక్కువ. లైటు మార్చిన తరువాత యాంకర్ టార్చికి రంగు కాగితం చుట్టి, ఆ వెలుగు చుక్కను నేల మీద మెల్లగా జరిపింది. పదహారు నెలల బుజ్జిగాడు దాన్ని పట్టుకోవాలని రెండు అరచేతులతో నేలను చరుస్తూ పది నిమిషాలు పాకాడు.

నేను గట్టిగా తప్పుపట్టే విషయం బబుల్ మెషిన్. దాన్ని క్లబ్‌హౌస్ లోపల టైల్స్ మీద పెట్టారు. సబ్బునీరు పడి నేల జారి, ఒక పాప వెనక్కి పడింది. దెబ్బ తగలలేదు, కానీ తగిలి ఉండేది. మెషిన్‌ను బయట పచ్చిక మీదకు మార్పించాము. బెలూన్లు పగిలినప్పుడు ముక్కలను ఇద్దరు యాంకర్లూ వెంటనే ఏరి జేబులో వేసుకోవడం మాత్రం నేను గమనించాను. ఆ రబ్బరు ముక్క పసిబిడ్డ గొంతుకు అడ్డుపడితే ప్రాణం మీదకు వస్తుంది.

ఒక బాబు మాత్రం వచ్చినప్పటి నుంచి చెవులు మూసుకొని కేకు బల్ల కింద కూర్చున్నాడు. వాళ్ల అమ్మ బయటకు లాగబోతే యాంకర్ వద్దని, ఒక గిలక్కాయను నేల మీద అతని వైపు దొర్లించి వెళ్లిపోయింది. కాసేపటికి బల్ల కింద నుంచి గిలక్కాయ చప్పుడు పాటతో కలిసి వినిపించసాగింది. అతను చివరిదాకా బయటకు రాలేదు, అయినా ఆ సాయంత్రమంతా ఆడుకున్నాడు.

రెండు గంటల ప్యాకేజీ ఈ వయసుకు ఎక్కువ. యాభై నిమిషాలు గడిచేసరికి సగం మంది పిల్లలు అలసిపోయారు, మిగిలిన సమయమంతా కేకు, ఫోటోలు, భోజనాలతో గడిచింది. గంటకు తక్కువ ధర ఉందా అని అడిగితే ప్రస్తుతానికి లేదన్నారు. మధ్యాహ్నం నిద్ర లేచిన తరువాత ఐదు గంటలకు మొదలుపెట్టడం మాత్రం బాగా కలిసివచ్చింది. వచ్చే ఏడాది కూడా వీరినే పిలుస్తాను, కానీ బబుల్ మెషిన్ తీసుకురావద్దని, బాక్సులు ఎక్కడ పెట్టాలో నేనే చూపిస్తానని అడ్వాన్స్ ఇచ్చే రోజునే చెబుతాను.