నాన్నగారితో టేట్ మోడర్న్‌లో ఆఫ్రికా ఫొటోలు

నాన్నగారు తెనాలిలో ముప్పై రెండేళ్ళు ఫొటో స్టూడియో నడిపారు. నన్ను చూడటానికి లండన్ వచ్చినప్పుడు ఆయనను టేట్ మోడర్న్‌కు తీసుకువెళ్ళాను. అది ఒకప్పటి బ్యాంక్‌సైడ్ పవర్ స్టేషన్. 1981లో మూతపడింది, 2000లో మ్యూజియంగా తెరిచారు. టర్బైన్లు తిరిగిన హాలు 35 మీటర్ల ఎత్తు. నాన్నగారు తల పైకెత్తి చాలాసేపు అలాగే నిలబడిపోయారు.

మేము చూసింది 'ఎ వరల్డ్ ఇన్ కామన్' అనే సమకాలీన ఆఫ్రికా ఫొటోగ్రఫీ ప్రదర్శన. 36 మంది కళాకారులు, ప్రదర్శనను కూర్చిన క్యూరేటర్ ఒసే బొన్సు. 2024 జనవరి 14 దాకా నడిచింది, దీనికి టికెట్ కొనాల్సి వచ్చింది.

ఆఫ్రికా అనగానే నాకు చిన్నప్పటి నుంచి గుర్తొచ్చేవి కరువు ఫొటోలు, అడవి ఫొటోలు. ఎక్కువగా బయటివాళ్ళు వచ్చి తీసినవి. ఇక్కడ జార్జ్ ఒసోడి తీసిన నైజీరియా రాజులు నిండు ఠీవితో మన కళ్ళలోకి చూస్తారు. ఎడ్సన్ చాగస్ పాస్‌పోర్టు ఫొటోల్లో మనుషులు మామూలు దుస్తులే వేసుకుంటారు, ముఖానికి మాత్రం సంప్రదాయ ముసుగు. ముఖమంతా స్పష్టంగా పడాలని గిరాకీలకు చెప్పి చెప్పి అలసిన నాన్నగారు వాటి ముందు నుంచి ఒక పట్టాన కదలలేదు.

ఆయనకు ప్రాణం లేచివచ్చింది జేమ్స్ బార్నర్ ఫొటోల దగ్గర. ఘనాకు స్వాతంత్ర్యం రాకముందే, 1953లో, బార్నర్ అక్రాలో 'ఎవర్ యంగ్' అనే స్టూడియో పెట్టారు. ఎప్పటికీ యవ్వనమే అని ఆ పేరుకు అర్థం. చెప్పగానే నాన్నగారి ముఖం వెలిగింది. సన్నగా చెక్కిన పెన్సిల్‌తో నెగెటివ్ మీద ముడతలు మాయం చేయడం ఆయనకు రోజూ రాత్రి పనే కదా! ఫొటోకు వీలైనంత దగ్గరగా వంగి, "కంట్లో తెల్ల చుక్క చూడమ్మా, లైటు ఎటు పెట్టాడో తెలిసిపోతుంది" అన్నారు. అప్పటి నుంచి ప్రతి ఫొటోలోనూ నేను ఆ చుక్కనే వెతికాను.

కిరిపి కటెంబో డెమొక్రాటిక్ కాంగో రాజధాని కిన్‌షాసా వీధుల్లోని నీటి గుంటల్లో పడిన ప్రతిబింబాలను తీసి, వాటిని తలకిందులు చేశారు. మనుషులు నిటారుగా నడుస్తుంటారు, గుంటలోని రాళ్ళు, చెత్త ఆకాశంలో తేలుతుంటాయి. ఆయన మలేరియాతో 2015లో, 36 ఏళ్ళకే చనిపోయారు. నా మనసు దోచుకున్నవి ఈ ఫొటోలే. పర్యావరణం గురించిన ఫాబ్రిస్ మోంటేరో చిత్రాలు మాత్రం నాకు ఫ్యాషన్ పత్రికల్లోని బొమ్మల్లా అనిపించాయి. ఆ గోడ మీద మరికొన్ని స్టూడియో ఫొటోలు ఉంటే సంతోషించేదాన్ని.

ఖదీజా సాయే స్వీయచిత్రాల దగ్గర ఇద్దరమూ మాట్లాడుకోలేదు. లోహపు రేకు మీద పూసిన రసాయనం తడి ఆరకముందే ఫొటో తీసే పాత పద్ధతిలో తీసుకున్నవి అవి. ఇక్కడున్నవి సన్నని తెర మీదుగా రంగు అద్ది అచ్చువేసిన వాటి సిల్క్‌స్క్రీన్ ప్రతులు. రసాయనం జారిన మరకలను ఆమె తుడిచేయలేదు. వెనిస్‌లో ఆమె ప్రదర్శన నడుస్తుండగానే, 2017 జూన్‌లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్ అనే అపార్ట్‌మెంట్ల భవనం మంటల్లో తల్లితో పాటు చనిపోయింది. అప్పటికి ఆమెకు 24 ఏళ్ళు.

కనీసం రెండు గంటలు చేతిలో ఉంచుకోవలసిన ప్రదర్శన అది. మాకు మూడు పట్టింది. బయటికి వచ్చేముందు నాన్నగారు బార్నర్ గదికి మళ్ళీ వెళ్ళివస్తానన్నారు. దూరం నుంచి చూస్తున్నాను. ఫొటోలోని మనిషికి చెబుతున్నట్టు, చూపుడువేలితో గాలిలో గడ్డం కొంచెం పైకి ఎత్తమని సైగ చేస్తున్నారు.