216 మీద వెళ్తే సముద్రం దానంతటది కనపడదు

విశాఖ నుంచి తీరం వెంబడి ఒంగోలు దాకా కారులో వెళ్ళాలనుకునేవాళ్ళకు ముందే ఒక మాట. కోనసీమలో "గోదావరి వ్యూ" అని ఫోటోలు పెట్టిన ఏ రిసార్టుకీ ముందుగా పూర్తి డబ్బు కట్టకండి. దారి గురించి, తిండి గురించి చెప్పాల్సినవి చాలానే ఉన్నాయి, అన్నీ చెప్తాను. కానీ అలాంటి చోట గడిపిన రాత్రి తాలూకు బిల్లు ఇంకా ఫోన్‌లోనే ఉంది, కనపడినప్పుడల్లా ఒళ్ళు మండుతోంది.

దారి సంగతి ఇది. అన్నవరం దాటాక కత్తిపూడి దగ్గర 16వ నంబరు హైవే వదిలేసి 216 పట్టుకోవాలి. అది పిఠాపురం, కాకినాడ, యానాం, అమలాపురం, రాజోలు, నరసాపురం, మచిలీపట్నం, రేపల్లె, బాపట్ల, చీరాల తిరిగి మళ్ళీ ఒంగోలు దగ్గర 16లో కలుస్తుంది. సుమారు 390 కిలోమీటర్లు. పేరుకి తీర రహదారే గానీ కిటికీలోంచి సముద్రం చూస్తూ పోవచ్చనుకుంటే మాత్రం నిరాశే, ఎందుకంటే దారి పొడవునా కనిపించేవి వరి చేలు, కొబ్బరి తోటలు, రొయ్యల చెరువులు, కాలవలు, పెద్ద పెద్ద వంతెనలు. సముద్రం కావాలంటే హైవే దిగి పక్కకి పోయి రావాలి. కాబట్టి ఈ దారికి ప్లానింగ్ అంటే ఎక్కడ దిగాలి, ఎక్కడ దిగకుండా సాగిపోవాలి అన్నదే. మిగతాదంతా గూగుల్ చూసుకుంటుంది అనుకుందామన్నా, నరసాపురం దాటాక అది చూపించే "తొందరగా వెళ్ళే దారి" నేరుగా చెరువు గట్ల మీదకి తీసుకెళ్తుంది. ఎదురుగా మేత బస్తాల ట్రాక్టర్ వచ్చిందంటే కిలోమీటరు వెనక్కి పోనివ్వాల్సిందే. హైవేనే పట్టుకుని ఉండండి.

మేము ఐదుగురం. నేను, మా ఆవిడ, పదేళ్ళ మావాడు, అత్తయ్యగారు, మా బావమరిది. పెట్రోలు ఎర్టిగా. సంక్రాంతి రద్దీ తగ్గాక వెళ్ళాం, అదే సరైన సమయం. ఎండ బాధ ఉండదు, దాళ్వా (రెండో పంట వరి) నాట్లు పడుతుంటాయి, పండక్కి రెట్టింపైన రూము రేట్లు దిగుతాయి. దిగుతాయని అంటారు, అంతే.

పిఠాపురంలో హైవే దిగి ఉప్పాడ వెళ్ళాం. అక్కడి నుంచి కాకినాడ దాకా సముద్రాన్ని ఆనుకునే రోడ్డు. మొత్తం దారిలో కారులో కూర్చుని సముద్రం చూడగలిగేది ఇక్కడే. కానీ ఉప్పాడ దగ్గర సముద్రం ఊరినే కోసేస్తోంది, అడ్డంగా వేసిన రాళ్ళను కూడా లెక్కచేయడం లేదు. తుపానొచ్చిన ప్రతిసారీ రోడ్డు దెబ్బతింటుంది, మళ్ళీ వేస్తారు. మేము వెళ్ళినప్పుడు ఒక పక్క మట్టే ఉంది, అలలు ఎగిరి కారు అద్దం మీద పడ్డాయి, మావాడికి పండగ, అత్తయ్యగారికి గోవిందనామాలు. పిఠాపురంలోనే ఎవరినైనా అడిగి, రోడ్డు తెరిచి ఉందంటేనే వెళ్ళండి.

ఉప్పాడలో జాందానీ చీరలు నేసే ఇంట్లో కాసేపు కూర్చున్నాం. గుంట మగ్గం మీద ఇద్దరు పక్కపక్కనే కూర్చుని, చీరలో పువ్వు వచ్చే చోట చిన్న చిన్న కండెలతో జరీ పోగును చేత్తో ఎక్కిస్తారు. మాట్లాడుతూనే ఉన్నారు, వేళ్ళు మాత్రం ఆగలేదు. అంతసేపట్లో పువ్వు వేలెడు కూడా పెరగలేదు. మా ఆవిడ 9,500 పెట్టి ఒకటి తీసుకుంది. బేరం ఆడబోతే నన్నే కసిరింది, చూసొచ్చాక ఎలా ఆడతారండీ అని. నిజమే.

కాకినాడలో భోజనం, కాజాలు. వాటి గురించి రాయనివాళ్ళు లేరు గనక వదిలేస్తున్నా. కోరంగి మడ అడవిలో చెక్కల బాట మీద నడవడం బాగుంటుంది గానీ పొద్దున్నే వెళ్ళాలి, మధ్యాహ్నం ఉక్కపోత. 1839 తుపానుకు ముందు ఇది పెద్ద ఓడరేవు అంటే ఇప్పుడు ఆ చెట్ల మధ్య నిలబడితే నమ్మకం కుదరదు.

యానాంలో ట్యాంక్ నింపించండి. అది పుదుచ్చేరి కింద ఉంది కాబట్టి పన్ను తక్కువ, లీటరుకి కొన్ని రూపాయలు కలిసొస్తుంది. బంకు దగ్గర క్యూ ఉంటుంది, అయినా ఆగొచ్చు. ఇంకో రకం ట్యాంకు కూడా నింపుకోవాలని బావమరిదికి ఉండింది. వెనక సీట్లో వాళ్ళమ్మ ఉండటంతో గోదావరి గట్టున గాలి పీల్చుకుని సరిపెట్టుకున్నాడు, అమలాపురం దాకా ఒక్క మాట మాట్లాడలేదు. వంతెన మీద గోదావరి పాయ గౌతమి దాటి ఎదుర్లంకలో దిగితే కోనసీమ మొదలు.

ఇక రిసార్టు. ఊరు పేరు రాయను, గోదావరి గట్టున కొబ్బరి తోటలో ఉంటుంది. యాప్‌లో రూము 4,800 చొప్పున రెండు, మొత్తం 9,600 ముందే కట్టించుకున్నారు. టిఫిన్ ఉచితం, ముప్పావు గంట బోటు షికారు ఉచితం, రూములోంచి గోదావరి. వెళ్ళేసరికి సాయంత్రం ఐదున్నర. రిసెప్షన్‌లో కుర్రాడు మావాణ్ణి పైనుంచి కిందకి చూసి, ఎనిమిదేళ్ళు దాటాయి కాబట్టి ఎక్స్‌ట్రా బెడ్ 1,000 అన్నాడు. బెడ్ అంటే పరుపు కాదు, యోగా చాప కంటే కొంచెం మందం, మధ్యలో ఎవరో ఇస్త్రీపెట్టె పెట్టిన గుర్తు. గోదావరి ఏదీ అంటే బాల్కనీలో ఎడమ చివర నిలబడమన్నాడు. నిలబడ్డాను. నీళ్ళ ట్యాంకు, దాని పక్కన ఇంకో కాటేజీ రేకులు, ఆ రెంటి మధ్య బెత్తెడు మేర ఏదో తెల్లగా మెరుస్తోంది.

"అదేనండి గోదావరి. పొద్దున్నైతే ఇంకా బాగా కనపడుద్దండి."

"మరి బోటు?"

"ఆయ్, బోటుందండి. డీజిలే లేదండి."

ఏడింటికి కరెంటు పోయింది. జనరేటర్ ఉంది, కానీ దాని మీద ఏసీ నడవదట, ఫ్యాను మాత్రమే తిరుగుతుందట. అది కూడా పదింటి దాకానే. రొయ్యల చెరువుల పక్కన కిటికీ తెరిచి పడుకోవడం ఎలా ఉంటుందో ఆ వైపు వాళ్ళకు చెప్పక్కర్లేదు. ఫోన్ చేసిన ప్రతిసారీ "ఇప్పుడే వచ్చేస్తుందండి" అనే మాటే, అదే మర్యాద. తిడదామన్నా నోరు రాలేదు, ఆ అండి, ఆయ్ ల మధ్య మన కోపం ఎక్కడ పెట్టుకోవాలో తెలీదు. కరెంటు వచ్చేసరికి రాత్రి రెండు దాటింది. అత్తయ్యగారు దోమల బ్యాటు పట్టుకుని మంచం మీద కూర్చునే ఉన్నారు. "మా ఇంటి అరుగు మీద పడుకున్నా ఇంతకంటే సుఖం నాయనా" అని ఒక్క మాటే అన్నారు. నన్నేమీ అనలేదు, కానీ బుక్ చేసింది నేనని అందరికీ తెలుసు.

పొద్దున టిఫిన్‌లో ఇడ్లీ, పూరీ. మూడో మనిషి అని మావాడి ప్లేటుకి ఇంకో 250 వేశారు. చేత్తో రాసిన బిల్లు, స్కానర్ పని చేయట్లేదు క్యాష్ ఇవ్వండి అని. అంతా కలిపి 10,850. ఇంటికొచ్చాక యాప్ వాళ్ళకి ఫోటోలతో సహా ఫిర్యాదు పెడితే, చాలా చింతిస్తున్నామని చెప్పి 600 రూపాయల కూపన్ పంపారు. మళ్ళీ వాళ్ళ దగ్గరే రూము బుక్ చేస్తే వాడుకోవచ్చట.

ఈ దారిలో నేను చెప్పేది ఒకటే. పగలు తీరం, రాత్రి టౌను. అమలాపురం, నరసాపురం, బందరు (మచిలీపట్నం), చీరాల, ఎక్కడైనా సెంటర్‌లో శుభ్రమైన లాడ్జి దొరుకుతుంది. బందరులో మేము దిగింది బస్టాండుకు దగ్గర్లో, ఏసీ డబుల్ రూము 1,700. లిఫ్టు ఉంది, ఆరింటికల్లా వేణ్ణీళ్ళు వచ్చాయి, కరెంటు పోతే నిమిషంలో జనరేటర్ మీద ఏసీతో సహా అన్నీ తిరిగాయి. పొద్దున వాచ్‌మన్ అడగకుండానే కారు అద్దాలు తుడిచి పెట్టాడు. వ్యూ అంటారా, ఎదురుగా చెప్పుల కొట్టు. హాయిగా నిద్రపోయాం.

మళ్ళీ వరసలోకి వస్తాను. రిసార్టులో టిఫిన్ సగంలో వదిలేసి అంతర్వేది వెళ్ళాం. నరసింహస్వామి దర్శనం అరగంటలో అయింది. తర్వాత అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు, గోదావరి పాయ వశిష్ఠ సముద్రంలో కలిసేచోటికి. ఇది తప్పకుండా దిగి చూడాల్సిన చోటు, గోదావరి మట్టి రంగు నీళ్ళు, సముద్రం నీళ్ళు వేరువేరుగా కనిపిస్తాయి. అక్కడి నుంచి వెనక్కి రాజోలు, చించినాడ వంతెన మీదుగా నరసాపురం వెళ్ళొచ్చు, చుట్టు ఎక్కువ. సఖినేటిపల్లి రేవులో పంటు (బల్లకట్టు లాంటి పెద్ద పడవ) ఎక్కితే కారుతో సహా అవతల దిగబెడతారు. వరద రోజుల్లో పంటు ఆపేస్తారు, మిగతా రోజుల్లో ఇదే దారి.

రేవు దగ్గర ఆకలి. రిసార్టులో తిన్నది తిండే కాదు కదా. రేకుల షెడ్డు, నాలుగు బల్లలు, బోర్డు కూడా లేదు. ఒకావిడ వండుతోంది, వాళ్ళాయన వడ్డిస్తున్నాడు. ఏముందంటే "మెత్తళ్ళేనండి, ఇంకేం లేదండి" అంది, అదేదో తక్కువైనట్టు. పచ్చి చింతకాయ దంచి వేసిన మెత్తళ్ళ పులుసు, మట్టి దాకలోంచే గరిటెతో పోసింది. పులుపు ముందు తగులుతుంది, వెనకాల పచ్చిమిరప కారం, చేప నోట్లో ఉన్నట్టే ఉండదు, ముల్లుతో సహా కరిగిపోతుంది. అన్నం వేడిగా, పొగలు కక్కుతూ. చేపలు తినని అత్తయ్యగారికి విడిగా కంద బచ్చలి, మాగాయ, ఆఖర్న గడ్డ పెరుగు. బావమరిది మూడోసారి అన్నం పెట్టించుకుంటుంటే ఆవిడ పొయ్యి దగ్గర నుంచే "పొయ్యండి బాబుకి, మొహమాటపడతన్నాడు" అంది. వాడు యానాం తర్వాత నవ్వింది అప్పుడే. మనిషికి 120. ఐదుగురికి 600. ఆ కూపన్ విలువ ఎంతో నాకు అప్పుడు తెలీదు గానీ, ఇప్పుడు రెండూ పక్కపక్కన పెట్టుకుని చూస్తుంటాను.

పంటుకి కారుతో కలిపి 150 తీసుకున్నారు. పలకల మీదుగా ఎక్కించేటప్పుడు అక్కడి కుర్రాడు చెప్పినట్టు తిప్పండి, మీ తెలివి వాడకండి. రెండు చక్రాలకి అటూ ఇటూ జానెడు కూడా ఉండదు. అత్తయ్యగారు కారులో కూర్చోనన్నారు, దిగి కొబ్బరికాయల బుట్టల పక్కన నిలబడ్డారు, అవతలి గట్టు వచ్చేలోపు ఒకావిడతో చుట్టరికం కూడా తేలిపోయింది.

నరసాపురం, మొగల్తూరు, లోసరి దగ్గర ఉప్పుటేరు వంతెన, పెడన, బందరు. ఏ ఇబ్బందీ లేదు, రోడ్డు బాగుంది. పేరుపాలెం బీచ్‌కి ఆదివారం మాత్రం వెళ్ళకండి, ఊళ్ళన్నీ అక్కడే ఉంటాయి. మంగినపూడి బీచ్‌లో ఇసుక నల్లగా బురదలా ఉంటుంది, లోతు తక్కువ, పిల్లలతో పర్వాలేదు, కానీ ఫోటోల కోసం వెళ్తే నచ్చదు. తొక్కుడు లడ్డు మాత్రం నచ్చి తీరుతుంది.

చల్లపల్లి దాటాక అత్తయ్యగారి ధోరణి మారింది. వాళ్ళ పుట్టిల్లు ఆ దగ్గర్లోనే. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన, అప్పటికి ఆవిడకి పద్నాలుగేళ్ళు. ఇన్నేళ్ళలో నా దగ్గర ఎప్పుడూ ఎత్తని మాట, మోపిదేవి గుడి నుంచి పులిగడ్డ వంతెన దాకా చెప్తూనే ఉన్నారు. నీళ్ళు తీసిన తర్వాత కూడా బావులు ఉప్పగానే ఉండేవట, తాగే నీళ్ళు బయటి ఊళ్ళ నుంచి వస్తే బిందెలు వరసగా పెట్టి కాపలా ఉండేవాళ్ళట. మావాడు ఫోన్ పక్కన పెట్టేశాడు. వంతెన మీద కారు ఆపకూడదు గనక మెల్లగా పోనిచ్చాను.

బాపట్ల దగ్గర సూర్యలంక. ఇసుక మంచిది, తీరం వెడల్పు, స్నానానికి దిగేవాళ్ళు మాత్రం పోలీసుల ఈల వినాలి, అక్కడ మునిగిపోయినవాళ్ళ వార్తలు ఏటా వస్తాయి. చీరాల దగ్గర వాడరేవు చిన్నది, మా అందరికీ అదే ఎక్కువ నచ్చింది. పొద్దున పడవలు ఒడ్డుకొచ్చే వేళకి వెళ్తే వేలంపాట చూడొచ్చు.

వేటపాలెంలో జీడిపప్పు కిలో 950 చెప్పి 900కి ఇచ్చారు, విరగని గుళ్ళు, మంచి పప్పు. అదే ఊళ్ళో 1918లో మొదలైన సారస్వత నికేతనం గ్రంథాలయం ఉంది. పాత పత్రికల కట్టలు, గాంధీగారి విరిగిన చేతికర్ర. మావాడికి కర్ర, నాకు కట్టలు. చినగంజాం ఉప్పు మడులు హైవే నుంచే కనపడతాయి, దిగక్కర్లేదు.

తిరుగు ప్రయాణం 16 మీద. పెట్రోలు మొత్తానికి 7,850 అయింది. సెలవు తక్కువుంటే ఉప్పాడ నుంచి నరసాపురం వరకు చాలు, రాత్రికి అమలాపురంలో ఉండండి, సఖినేటిపల్లి రేవుకి మధ్యాహ్నం ఒంటిగంటలోపు చేరేట్టు చూసుకోండి. రెండింటికల్లా ఆ పులుసు దాక ఖాళీ అవుతుందట. చీరాల వైపు ఇంకోసారి రైల్లో వెళ్ళినా సరిపోతుంది.