ఆవిరి పట్టే యంత్రం: పెద్దలకు సరే, పిల్లలకు వద్దు

చలికాలంలో ఇంట్లో ఒకరికి జలుబు చేస్తే మిగిలినవారికీ అంటుకోవడం మామూలే కనుక, కరెంటుతో పనిచేసే ఈ చిన్న ఆవిరి యంత్రాన్ని కొన్నాము. నీళ్లు త్వరగా మరుగుతాయి, ముక్కుదిబ్బడ కాసేపు సడలి నిద్ర పడుతుంది. అయితే జలుబుకు కారణమైన వైరస్‌ను ఆవిరి నశింపజేస్తుందని మాత్రం ఆశించకూడదు. నాకు నచ్చనిది దీని మూత: యంత్రం ఒరిగితే అది ఊడిపోయి మరిగే నీళ్లు ఒలుకుతాయి కాబట్టి, చిన్నపిల్లలకు దీనితో ఆవిరి పట్టవద్దని గట్టిగా చెబుతాను. వారికి ముక్కులో సెలైన్ (ఉప్పునీటి) చుక్కలు మేలు. ఏడాది నిండిన పిల్లలకైతే పడుకునేముందు అరచెంచా తేనె దగ్గును శాంతింపజేస్తుంది, అంతకన్నా చిన్నవారికి బొటులిజం (ఒక బ్యాక్టీరియా విషం వల్ల వచ్చే ప్రాణాంతక జబ్బు) ప్రమాదం ఉన్నందున తేనె అసలు ఇవ్వకూడదు. పెద్దలకు మాత్రం, ఆవిరి పీల్చేందుకు ఒకరు వాడిన మాస్కును సబ్బుతో కడిగి, మిగిలిన నీళ్లు పారబోసి ఆరబెట్టే ఓపిక ఉంటే, ఇది కొనదగిన వస్తువే.