కరెంటు షాకా, 5 లీటర్ల నీళ్లా?

మోంటానా, ఐడహో కొండవాగుల్లో బుల్ ట్రౌట్ ఇంకా ఉందా? ఈ చల్లనీటి చేప 1999 నుంచి అమెరికా రక్షిత జాబితాలో ఉంది. వెతకడానికి పాత పద్ధతి, వీపున బ్యాటరీ పెట్టె తగిలించుకుని నీళ్లలోకి కరెంటు వదలడం. సొమ్మసిల్లిన చేపను చేతివలతో ఎత్తి పొడవు కొలుస్తారు, రెక్క అంచున చిన్న ముక్క కత్తిరిస్తారు. బ్రూక్ ట్రౌట్ అనే మరో చేపతో కలిసిన సంకరమా అన్నది ఆ ముక్కే చెబుతుంది. కానీ వాగు వేడెక్కిన రోజున ఆ షాక్ చేప ప్రాణం మీదికి తెస్తుంది, అదే టెన్షన్.

రెండోది ఈ-డీఎన్ఏ, అంటే చేప నీళ్లలో వదిలిన డీఎన్ఏ జాడ వెతకడం. 5 లీటర్ల నీళ్లు వడగట్టి, ఫిల్టర్‌ను ల్యాబ్‌కు పంపితే చాలు, చేపను ముట్టుకోనక్కర్లేదు. అయితే ఉన్నది పిల్లో పెద్దదో తెలియదు. నేనైతే ముందు నీళ్లే వడగడతాను. జాడ దొరికిన వాగుకే పెట్టె మోసుకెళ్తాను.