నెఫ్ట్, ఆర్‌టీజీఎస్, ఐఎంపీఎస్: దీర్ఘకాల వాడకం తర్వాత రిస్కుల అంచనా

సరఫరాదారుల బిల్లులు, జీతాలు చెల్లించే బాధ్యత చాలా ఏళ్లుగా నాదే కావడంతో ఒక బ్యాంకు ఖాతా నుంచి మరో బ్యాంకు ఖాతాకు డబ్బు పంపే ఈ మూడు పద్ధతులనూ దాదాపు ప్రతి పనిదినమూ వాడుతున్నాను. డబ్బు ఎంత త్వరగా చేరుతుందన్నదాని కంటే, చేరకపోయినా, చేరకూడని ఖాతాకు చేరినా ఏమవుతుందన్నదాన్ని బట్టే వీటిని బేరీజు వేయాలని నా అభిప్రాయం. ఆ లెక్కన బ్యాంకుల మధ్య నడిచే యంత్రాంగం గట్టిదే. ముప్పు ఎక్కువగా మనం వివరాలు నింపే చోటే ఉంది.

2004లో మొదలైన ఆర్‌టీజీఎస్‌లో ప్రతి చెల్లింపూ విడిగా, అప్పటికప్పుడే రిజర్వు బ్యాంకు పుస్తకాల్లో తేలిపోతుంది. పంపే బ్యాంకు వద్ద నిధులు చాలకపోతే ఆ చెల్లింపు వరుసలో ఆగుతుందే తప్ప, లేని డబ్బు ఉన్నట్టుగా ముందుకు కదలదు. 2005లో వచ్చిన నెఫ్ట్ అరగంటకో బ్యాచ్ చొప్పున, బ్యాంకుల పరస్పర బాకీలను కూడి, తీసివేసి, మిగిలిన నికర మొత్తాన్నే సర్దుతుంది. అందువల్ల 2 లక్షలకు తగ్గని మొత్తమై, గడువు కూడా దగ్గరపడి ఉంటే నేను ఆర్‌టీజీఎస్‌నే ఎంచుకుంటాను. మిగతా వాటికి నెఫ్ట్ చాలు. బ్యాచ్ ముగిశాక 2 గంటల్లోగా సొమ్ము జమ కావాలి, లేదా వెనక్కి రావాలి; ఆలస్యమైతే రెపో రేటుపై (రిజర్వు బ్యాంకు బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) 2 శాతం కలిపి వడ్డీ ఇవ్వాలన్నది నిబంధన. ఒకసారి ఇలా ఆలస్యమైనప్పుడు బ్యాంకు సొమ్మును తిప్పి పంపింది గానీ, ప్రతి లావాదేవీకీ విడిగా ఇచ్చే గుర్తింపు సంఖ్య అయిన యూటీఆర్ నంబరుతో పాటు ఆ నిబంధనను కూడా లిఖితపూర్వకంగా చూపేదాకా వడ్డీ ఊసెత్తలేదు.

సొమ్మును అప్పటికప్పుడే అవతలి ఖాతాకు చేర్చే ఐఎంపీఎస్‌తో ఇబ్బంది వేరు. లావాదేవీ మధ్యలో సమాధానం రాక తెర ఆగిపోతే, డబ్బు వెళ్లిందో లేదో తెలియని స్థితిలో చాలామంది మళ్లీ పంపుతారు, ఒకే బిల్లుకు రెండుసార్లు చెల్లిస్తారు. ఖాతాలో డెబిట్ పడి అవతల జమ కాకపోతే మరుసటి రోజుకల్లా తిరిగి రావాలనీ, ఆపై రోజుకు 100 రూపాయల పరిహారం ఇవ్వాలనీ 2019 నాటి రిజర్వు బ్యాంకు ఉత్తర్వు ఉంది కనుక, స్టేట్‌మెంట్ చూసేదాకా ఆగడమే మేలు.

అసలు ముప్పు లబ్ధిదారు వివరాల్లో ఉంది. జమ జరిగేది ఖాతా నంబరును బట్టే. మనం టైపు చేసిన పేరు ఏళ్ల తరబడి అలంకారప్రాయంగానే ఉండేది. పంపే ముందే ఖాతాదారు పేరు చూపే సదుపాయాన్ని 2025 ఏప్రిల్ 1 కల్లా నెఫ్ట్, ఆర్‌టీజీఎస్‌లలో కల్పించాలని బ్యాంకులను రిజర్వు బ్యాంకు ఆదేశించాక పరిస్థితి చాలా మెరుగుపడింది. అయితే చిన్న సంస్థల విషయంలో దుకాణం పేరుకు బదులు యజమాని పేరు కనిపిస్తుంది, నిర్ణయం మళ్లీ మన మీదే పడుతుంది. ‘మా బ్యాంకు ఖాతా మారింది’ అని ఈమెయిల్ వస్తే, అందులోని నంబరుకు కాక మా దగ్గర పాతగా ఉన్న నంబరుకే ఫోన్ చేస్తాను. రూపాయి పంపి చూసే అలవాటు టైపింగ్ తప్పులను పడుతుంది గానీ మోసాన్ని పట్టదు. రూపాయి అందిందని మోసగాడూ చెప్పగలడు.

2016లో బంగ్లాదేశ్ కేంద్ర బ్యాంకు నుంచి సుమారు 8.1 కోట్ల డాలర్లు ఫిలిప్పీన్స్‌కు తరలిపోయినప్పుడు కూడా హ్యాకర్ల చొరబాటు జరిగింది బ్యాంకుల మధ్య నడిచే యంత్రాంగంలోకి కాదు, ఆ బ్యాంకు సొంత కంప్యూటర్లలోకే. ఒకరు నమోదు చేయాలి, మరొకరు ఆమోదించాలి అన్న నియమం ఇందుకే ఉంది. ఆమోదించే అధికారి టోకెన్ (ఆమోదానికి వాడే చిన్న భద్రతా పరికరం), నమోదు చేసే గుమాస్తా సొరుగులోనే ఉండే ఆఫీసులను నేను చూశాను. అక్కడ ఆ నియమం కాగితానికే పరిమితం.

ఇక జీతాల వంటి మూకుమ్మడి చెల్లింపుల ఫైలు. ఖాతా నంబర్ల వరుసను టెక్స్ట్‌గా మార్చకుండా ఎక్సెల్‌లో నింపితే మొదటి సున్నాలు ఎగిరిపోతాయి, 16 అంకెల నంబరులో చివరి అంకె సున్నా అయిపోతుంది. మా బ్యాంకు పోర్టల్ అలాంటి ఫైలును మారుమాట లేకుండా స్వీకరిస్తుంది. ఒక్కో చెల్లింపుకు పేరు చూపే సదుపాయం ఈ ఫైలుకు వర్తించడం లేదు. బ్యాంకుకు ఎన్నిసార్లు రాసినా ‘పరిశీలనలో ఉంది’ అన్న జవాబే వస్తోంది కనుక, మూకుమ్మడి ఫైలు విషయంలో మాత్రం మా బ్యాంకు సేవకు నేను మంచి మార్కులు ఇవ్వలేను.