ఓపిక తెచ్చుకోవాలా, దాచుకోవాలా?

ఇంగ్లండులో ఉంటున్న మా పిన్ని కూతురు నాకు అక్క వరస. ఆమె వంటింట్లో సింకు పక్కనే ఎత్తు స్టూలు ఒకటి ఉంటుంది. గిన్నెలు కడగాలన్నా, బెండకాయలు తరగాలన్నా దాని మీద కూర్చునే. గుండె వేగం 105 దాటిందంటే చేతి వాచీ గీ పెడుతుంది. అంతే, కత్తి పక్కన పెట్టేసి వెళ్లి చీకటి గదిలో పడుకుంటుంది. సగం తరిగిన బెండకాయలు సాయంత్రం దాకా అలాగే ఉంటాయి. మొదటిసారి చూసినప్పుడు నాకు మరీ చాదస్తం అనిపించింది. "అక్కా, కాస్త ఓపిక తెచ్చుకుని ఆ నాలుగూ తరిగేయొచ్చుగా" అన్నాను. "ఏ కొట్లో అమ్ముతున్నారో చెప్పు, తెచ్చుకుంటా" అంది.

అక్కకున్నది క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్, పడుకున్నా తీరని అలసట జబ్బు. దాని మీద నలభై ఏళ్లుగా డాక్టర్లకూ రోగులకూ నడుస్తున్న తగాదా మా ఇద్దరి మాటల్లోనే ఉంది. ఒక పక్షం ఓపిక తెచ్చుకోమంటుంది: రోజుకు ఇన్ని నిమిషాలని వ్యాయామం మెల్లగా పెంచుకుంటూ పోవాలి. దాని పేరు గ్రేడెడ్ ఎక్సర్‌సైజ్ థెరపీ. రెండో పక్షం ఉన్న ఓపికను దాచుకుని వాడుకోమంటుంది. దాన్ని పేసింగ్ అంటారు. ఏది మేలో తేలాలంటే ముందు జబ్బు ఒంట్లో ఉందో మనసులో ఉందో తేలాలి. అసలు గొడవంతా అక్కడే.

1955లో లండన్‌లోని రాయల్ ఫ్రీ ఆస్పత్రిలో సిబ్బంది వరసగా పడిపోయారు. 292 మందికి సోకింది, జూలై నుంచి అక్టోబరు దాకా ఆస్పత్రి మూతపడింది. మెల్విన్ రామ్సే అనే డాక్టరు అది మెదడుకూ కండరాలకూ వచ్చిన జబ్బు అన్నాడు. పదిహేనేళ్లు గడిచాక, 1970లో, ఇద్దరు మానసిక వైద్యులు ఒక్క రోగినీ చూడకుండా పాత కేసు షీట్లు తిరగేసి, ఇది సామూహిక హిస్టీరియా అని తేల్చారు. ఎక్కువగా ఆడవాళ్లకే రావడం వాళ్లు చూపించిన కారణాల్లో ఒకటి. మన ఊళ్లో అయితే గాలి సోకిందనేవాళ్లు. అక్కడ పేరు వేరు, అంతే. ఆ తర్వాత అమెరికాలోని నెవాడాలో ఇలాంటిదే మరో గుంపు కేసులు వచ్చాక 1988లో "క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్" అని పేరు పెట్టారు. జబ్బు ఎంత చెరుపు చేసిందో పేరూ అంతే చేసింది. అలసట లేనిదెవరికి? నీరసం అనగానే రాగిజావ తాగమని సలహా చెప్పని చుట్టం ఉండడు.

వ్యాయామ పక్షం వాదన వినడానికి బాగానే ఉంటుంది. ఏదో వైరస్ వచ్చింది, పోయింది. మంచానికి అలవాటు పడి కండరాలు సడలాయి, కదిలితే ఏమవుతుందోనన్న భయం మిగిలింది. ఆ భయాన్ని కౌన్సెలింగ్‌తో తీసేసి, ఒంటిని కొద్దికొద్దిగా కదిలిస్తే మనిషి మామూలవుతాడు. దీన్ని నిరూపించడానికి బ్రిటన్‌లో 641 మందితో పేస్ అనే పేరుతో ఒక ట్రయల్ (ఏ వైద్యం పనిచేస్తుందో చూసే పరీక్ష) చేశారు. 2011లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయింది. సంక్షేమ భృతులు చూసే ప్రభుత్వ శాఖ కూడా దీనికి కొంత డబ్బు పెట్టింది. కౌన్సెలింగ్ తీసుకున్నవాళ్లలోనూ వ్యాయామం చేసినవాళ్లలోనూ 22 శాతం మంది కోలుకున్నారని 2013లో ప్రకటించారు. ఒట్టి మామూలు వైద్యంతో కోలుకున్నది 7 శాతమే అన్నారు.

ఈ లెక్కను కాస్త దగ్గరగా చూడాలి. రోగి చేతికి పది ప్రశ్నల కాగితం ఇస్తారు: మెట్లెక్కగలవా, వంగగలవా, స్నానం నీ అంతట నువ్వు చేయగలవా. దానికి 0 నుంచి 100 దాకా మార్కులు. 65 లేదా అంతకన్నా తక్కువ వస్తేనే జబ్బు మనిషిగా ట్రయల్‌లో చేర్చుకున్నారు. కోలుకున్నట్టు లెక్కించడానికి ఈ కాగితంలో ఎంత రావాలి? మొదట రాసుకున్న ప్రణాళిక ప్రకారం 85. తర్వాత దాన్ని 60కి దించారు. అంటే 65తో లోపలికి వచ్చినవాడు ఏడాది తర్వాత దిగజారి 60కి చేరినా, ఈ ఒక్క కొలత వరకూ "కోలుకున్నవాడే". మన పిల్లాడి బళ్లో ఇలా చేస్తే హెడ్మాస్టరును నిలదీయమూ?

నిలదీసింది రోగులే. ఆస్ట్రేలియాలో ఉన్న ఒక రోగి సమాచార హక్కు కింద డేటా అడిగాడు. ట్రయల్ నడిపిన విశ్వవిద్యాలయం ఇవ్వనంది. 2016లో ట్రిబ్యునల్ ఇవ్వాల్సిందే అంది. మొదటి ప్రణాళిక ప్రకారం మళ్లీ లెక్కేస్తే ఆ 22 శాతం కౌన్సెలింగ్‌లో 7కి, వ్యాయామంలో 4కి పడింది. ఆరు నిమిషాల నడక పరీక్షలో వ్యాయామం చేసినవాళ్లే అందరికన్నా మెరుగు, అది నిజమే. కానీ ఏడాది తర్వాత వాళ్లు నడిచింది సగటున 379 మీటర్లు. గంటకు 4 కిలోమీటర్లు కూడా పడదు. రెండేళ్లు దాటాక చూస్తే ఏ గుంపుకూ ఏ గుంపుకూ తేడా లేదు.

మరి పేసింగ్ గెలిచిందా? ఆ ట్రయల్‌లో పేసింగ్ గుంపు కూడా ఉంది. మామూలు వైద్యం కన్నా ఏమీ మెరుగవ్వలేదు. థెరపిస్టు టైంటేబుల్ పెట్టి నడిపించిన ఆ పద్ధతి మేం చేసే పేసింగే కాదని రోగులంటారు. అందులో కొంత నిజముంది. అయినా ఒప్పుకోవాల్సింది ఒప్పుకోవాలి: పేసింగ్ వల్ల జబ్బు నయమవుతుందని ఎవరూ చూపించలేదు. ఒంటి జబ్బే అని నమ్మిన పక్షమూ దెబ్బలు తింది. 2009లో ఎక్స్‌ఎంఆర్‌వీ అనే వైరసే మూలమని సైన్స్ పత్రికలో వచ్చింది. ఎంతోమంది రోగులు సంబరపడ్డారు. 2011లో ఆ వ్యాసాన్ని పత్రికే వెనక్కి తీసుకుంది. నార్వేలో రిటుక్సిమాబ్ మందు మీద ఆశలు పెంచుకున్నారు. 151 మందితో జరిగిన పెద్ద ట్రయల్‌లో అది ఉత్తుత్తి మందును మించలేదు.

అయినా నా ఓటు పేసింగ్‌కే. కారణం, ఈ జబ్బుకు ఒక ప్రత్యేక గుణముంది. పని చేసిన రోజు దెబ్బ కొట్టదు, మర్నాడో ఆ మర్నాడో కొడుతుంది. 2015లో అమెరికా వైద్య నిపుణుల సంఘం కూడా ఇది లేకుండా జబ్బును నిర్ధారించకూడదంది. వరసగా రెండు రోజులు సైకిల్ తొక్కిస్తే, వ్యాయామం అలవాటు లేని మామూలు మనిషి రెండో రోజూ ఇంచుమించు అంతే తొక్కుతాడు. ఈ రోగుల్లో చాలామందికి రెండో రోజు శక్తి పడిపోతుంది. 2024లో ఆమ్‌స్టర్‌డామ్ పరిశోధకులు ఇలాగే మర్నాడు దెబ్బ తగిలే 25 మంది లాంగ్ కోవిడ్ రోగుల (కోవిడ్ వచ్చిపోయినా తేరుకోనివాళ్ల) కండరాల ముక్కలు వ్యాయామానికి ముందూ తర్వాతా తీసి చూశారు. వ్యాయామం తర్వాత కండరాలు మరింత దెబ్బతిన్నాయి. భయం వల్ల కండరంలో కణాలు చావవు కదా. ఎడిన్‌బరో వాళ్ల డీకోడ్‌ఎమ్‌ఈ అధ్యయనం 2025లో 15,579 మంది రోగుల జన్యువులు చూసి 8 చోట్ల తేడాలు పట్టింది. వాటిలో కొన్ని రోగనిరోధక శక్తికి, నరాలకు సంబంధించిన జన్యువుల దగ్గరున్నాయి. చూసింది యూరప్ సంతతి వాళ్లనే, మనవాళ్ల లెక్క అందులో లేదు.

బ్రిటన్‌లో వైద్య మార్గదర్శకాలు రాసే నైస్ సంస్థ 2007లో వ్యాయామాన్ని సిఫారసు చేసింది. 2021 ఆగస్టులో కొత్తవి రావాల్సి ఉండగా కొన్ని డాక్టర్ల సంఘాలు అడ్డం తిరిగితే ఆపి, చివరికి అక్టోబరు 29న విడుదల చేసింది. ఈ జబ్బుకు గ్రేడెడ్ వ్యాయామం ఇవ్వొద్దంది. కౌన్సెలింగ్ కావాలంటే తీసుకోవచ్చు, జబ్బుతో బతకడానికి తోడుగా మాత్రమే, నయం చేస్తుందని కాదు. అది మంచి తీర్పే అని నా అభిప్రాయం. జబ్బుతో పాటు దిగులూ ఉంటుంది, దానికి సాయం తీసుకోవడంలో నామోషీ ఏముంది?

ఇక్కడొక మెలిక ఉంది. నీరసంగా ఉన్న ప్రతివాళ్లూ పేసింగ్ చేస్తే మునుగుతారు. థైరాయిడ్, రక్తహీనత, షుగరు, బి12, టీబీ, నిద్రలో ఊపిరాడకపోవడం, డిప్రెషన్ — ముందు ఇవన్నీ చూపించుకోవాలి. కుర్చీలో కూర్చుని కూర్చుని నీరసించినవాళ్లకు నడకే మందు. ఏది మీదో తెలియాలంటే ఒక నోటు పుస్తకం చాలు. రెండు మూడు వారాలు రోజూ ఏం చేశారో, ఎలా ఉందో రాయండి. సోమవారం పెళ్లికి వెళ్లొస్తే బుధవారం మంచం దిగలేకపోవడం, ఇలా మళ్లీమళ్లీ కనిపిస్తే "పెంచుకుంటూ పో" అన్న సలహా మీ కోసం కాదు. కోవిడ్ తర్వాత తేరుకోనివాళ్లకూ ఇదే పరీక్ష. ఆ పుస్తకం పట్టుకెళ్లి డాక్టరుకు చూపించండి, నోటితో చెప్పేదానికన్నా బాగా పనిచేస్తుంది.

పేసింగ్ అంటే ఎప్పటికీ పడుకునే ఉండమని కాదు. కొన్నాళ్లు దెబ్బ తగలకుండా నిలకడగా ఉంటే ఒక చిన్న పని చేర్చుకోవచ్చు, పడకపోతే తీసేయొచ్చు. గ్రేడెడ్ వ్యాయామానికీ దీనికీ తేడా ఈ తీసేయడంలోనే ఉంది. మా అక్కను ఇదివరకు ఒక క్లినిక్‌లో "ఒళ్లు బాగోకపోయినా ఈ వారం కోటా తగ్గించకూడదు" అన్నారట. ఆరు వారాల్లో ఆమె నడక పోయి చక్రాల కుర్చీ వచ్చింది. ఇప్పుడు కుర్చీ బయటికి వెళ్లేటప్పుడే. ఈ వేసవిలో కొత్తగా చేర్చుకున్న పని ఒకటే: గేటు దాకా నడిచి ఉత్తరాలు తెచ్చుకోవడం. వారానికి రెండుసార్లు. వాన పడితే ఆ వారం ఒకసారే.